బలం మాత్రలకూ ఓ మోతాదు ఉంది

గోదావరి డెల్టాలో ఏ ఊరి మెడికల్ షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. "నీరసంగా ఉంటోందండి, బలానికేమైనా ఇవ్వండి" అనే మాట వినపడకుండా ఉండదు. అడిగేది నాట్లు వేసి నడుము పట్టేసిన ఆవిడ కావచ్చు, రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా మేలుకుని వచ్చిన కుర్రాడు కావచ్చు, ఏళ్ల తరబడి షుగరుతో నెట్టుకొస్తున్న రిటైరైన మాస్టారు కావచ్చు. షాపాయన చెయ్యి అలవాటుగా ఒకే అర మీదికి పోతుంది. బి కాంప్లెక్సు, కాల్షియం, డి3, మల్టీ విటమిన్, జింకు. డాక్టరు చీటీ అడిగేవాళ్లు లేరు, ఎన్నాళ్లు వాడాలని అడిగేవాళ్లూ తక్కువే.

విటమిన్ లోపం నిజమైన జబ్బు. దానికి విటమిన్ మాత్ర నిజమైన మందు. చిక్కు ఎక్కడొస్తోందంటే, 'బలానికి' అనేసరికి ఆ మందుకుండే మోతాదూ గడువూ రెండూ మన మనసులోంచి జారిపోతున్నాయి. జ్వరం బిళ్ల రోజుకెన్ని వేసుకోవాలో రెండుసార్లు అడిగే మనిషి కూడా విటమిన్ దగ్గరికొచ్చేసరికి "ఒకటి ఎక్కువైతే ఏమవుతుందిలే" అనుకుంటాడు. ఏమవుతుందనేది విటమిన్‌ని బట్టి మారుతుంది. కొన్నింటికి దాదాపు ఏమీ కాదు. కొన్నింటికి కిడ్నీలు పోతాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ గందరగోళమంతా.

మన అన్నం, మన జబ్బు

విటమిన్ల మీద ఈ ప్రాంతానికున్న నమ్మకం ఊరికే పుట్టింది కాదు. బ్రిటిషు కాలంలో మన తీరాన్ని ఉత్తర సర్కారు జిల్లాలనేవారు. దేశంలో బెరిబెరి జబ్బు పాతుకుపోయిన చోటుగా ఈ తీరానికి అప్పట్లో పేరు. కాళ్లు తిమ్మిరెక్కడం, ఒంటికి నీరు పట్టడం, నడక పడిపోవడం, చివరికి గుండె ఆగిపోవడం. కారణం మన కంచంలోనే ఉంది. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యంలో, పైపొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత మరపట్టినా కొంత నిలుస్తుంది. మన దగ్గర పచ్చి బియ్యం అలవాటు. రోట్లో దంచుకున్నన్నాళ్లూ గడిచిపోయింది. రైసు మిల్లులొచ్చి తెల్లగా పాలిష్ పట్టడం మొదలయ్యాక ఆ పైపొర తవుడుగా పశువులకు పోయింది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోయింది. నీలగిరుల్లోని కూనూరులో బ్రిటిషు డాక్టరు రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనల్లో ఈ బెరిబెరి గుట్టు విప్పడం ఒక పెద్ద భాగం. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన దేశంలో ఏ విటమిన్ రోజుకెంత కావాలో ఇవాళ లెక్కగట్టి చెప్పేది ఆ సంస్థే.

మంచాన పడ్డ మనిషి బి1 సూదితో రోజుల్లో లేచి కూర్చున్న కాలం అది. అలాంటి మందు మీద గురి కుదరడంలో ఆశ్చర్యం లేదు.

అదే బియ్యం కథ ఇప్పుడు ఇంకో మలుపు తిరిగింది. రేషన్ బియ్యంలో, బడి భోజనంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చిన గింజల్ని నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. కడిగేటప్పుడు అవి తేలితే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేసేవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది. అవి బియ్యప్పిండితో చేసిన గింజలే. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తినే మనిషికి అందేది 8 నుంచి 13 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు ఇనుము గరిష్ఠ పరిమితి రోజుకు 45 మిల్లీగ్రాములు. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లు ఆ గింజల్ని ఏరక్కర్లేదు.

పచ్చగా వస్తే వేడి చేసినట్టు కాదు

బి కుటుంబమూ, సి విటమినూ నీళ్లలో కరిగేవి. ఒంటికి కావలసినంత ఉంచుకుని చాలామటుకు మూత్రంలో వదిలేస్తుంది. బి కాంప్లెక్సు వేసుకున్న రోజు మూత్రం ముదురు పసుపుపచ్చగా రావడం చూసే ఉంటారు. అది బి2 రంగు. "మాత్ర వేడి చేసింది" అనుకుని కొబ్బరిబోండాలు తాగేస్తుంటారు. వేడీ లేదు, గీడీ లేదు, అక్కర్లేనిది బయటికి పోతోంది అంతే.

ఎ, డి, ఇ, కె అలా కాదు. ఇవి కొవ్వులో కరుగుతాయి. వీటిలో ఎ ముఖ్యంగా కాలేయంలో, డి ఒంటి కొవ్వులో చేరి నిలవ ఉండిపోతాయి. రోజూ కొంచెం కొంచెం ఎక్కువైతే ఆ ఎక్కువంతా పోగుపడుతుంది. మాత్ర ఆపేసినా నిలవ వెంటనే దిగదు.

పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టికల్లో ప్రతి పోషకానికీ రోజువారీ అవసరం ఒకటి, చాలావాటికి దాటకూడని గరిష్ఠ పరిమితి ఇంకొకటి ఉన్నాయి. రెండో అంకె సంగతి మన దాకా రావడం లేదు. పైరుకు యూరియా చాలకపోతే పసుపు బారుతుంది, ఎక్కువైతే ఏపుగా పెరిగి దోమ పట్టి గాలికి పడిపోతుంది. ఇది మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంటి విషయంలో మాత్రం పచ్చగా కనిపిస్తే చాలనుకుంటున్నాం.

అరవై వేలు

అన్నింటికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది డి విటమిన్. అరవై వేల యూనిట్ల పొట్లం, లేదా గుళిక. మన ప్రాంతంలో దాదాపు ప్రతి ఇంట్లో ఫ్రిజ్ పైనో, దేవుడి గూట్లోనో ఒకటి ఉంటుంది.

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన డి విటమిన్ 600 యూనిట్లు. గరిష్ఠ పరిమితి 4,000. ఒక్క పొట్లంలో ఉన్నది 60,000, అంటే 100 రోజుల అవసరం. ఇంత పెద్ద మోతాదు ఎందుకు పెట్టారంటే, లోపం ఉన్నవాళ్లకు వారానికొకటి చొప్పున సాధారణంగా 8 వారాలిచ్చి, ఆ తర్వాత నెలకొకటికి తగ్గించడానికి. నెలకొకటి అంటే రోజుకు 2,000 పడినట్టు, భయం లేదు. రోజూ ఒకటి వేసుకుంటే గరిష్ఠ పరిమితికి 15 రెట్లు.

ఈ 'వారానికి' అనే మాట షాపు నుంచి ఇంటికి వచ్చేలోపు ఎలా తప్పిపోతుందో మా బంధువుల ఇంట్లోనే చూశాను. అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. షాపు కుర్రాడు చెప్పాడు:

"పాలల్లో కలుపుకుని తాగెయ్యండి పిన్నిగారూ, వారానికోటి."

"ఆయ్, అలాగే బాబూ."

ఇంటికొచ్చి కోడలితో అన్నది, "రాత్రి పాలల్లో ఒక పొట్లం కలపమ్మా." పాలు అన్న మాట మిగిలింది, వారం అన్న మాట పోయింది. డబ్బా అయిపోగానే కొడుకు ఖాళీ పెట్టె చూపించి ఇంకొకటి తెచ్చాడు. మందు తెలిసిందే కదా అని షాపులో ఎవరూ ఏమీ అడగలేదు. పక్కన కాల్షియం మాత్ర ఎలాగూ ఉంది. రెండు నెలలు దాటేసరికి ఆవిడకు అన్నం సయించడం మానేసింది. వాంతులు, విరేచనం బిగదీయడం, ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం. మాటల్లో పొంతన లేదు. అందరూ గ్యాస్ అన్నారు, షుగరేమో అన్నారు, నీరసానికి సెలైన్ ఎక్కించారు, అందులోనూ విటమిన్లే. చివరికి కాకినాడలో ఒక డాక్టరు గారు "ఇంట్లో ఏమేం వేసుకుంటున్నారో అన్నీ పట్టుకురండి" అన్నారు. పొట్లాల పెట్టె చూశాక రాసిన మొదటి పరీక్ష రక్తంలో కాల్షియం. మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉండాల్సింది 14 ఉంది.

లోపల జరిగిందేమిటంటే, డి విటమిన్ చేసే పని పేగుల్లోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగడం. మితిమీరితే ఎముకల్లోంచి కూడా లాగుతుంది. బలం కోసం వేసుకున్న మందే ఎముకను తోడేస్తుందన్నమాట. రక్తంలో కాల్షియం పెరిగితే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు, అందుకే అంత మూత్రం, అంత దాహం. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ కాల్షియం ఇంకా చిక్కబడుతుంది, కిడ్నీలో పేరుకుంటుంది. పేగుల కదలిక మందగిస్తుంది, మెదడు మబ్బుగా అవుతుంది. ఈ లక్షణాల్లో ఒక్కటి కూడా 'విటమిన్ ఎక్కువైంది' అని అరిచి చెప్పదు. అన్నీ నీరసం లాగే ఉంటాయి. నీరసానికి మళ్లీ బలం మందే ఇస్తారు. ఈ సుడిగుండంలోంచి బయటపడాలంటే ఎవరో ఒకరు మాత్రల పెట్టె తెరిచి చూడాల్సిందే. మాత్ర ఆపాక కూడా కొవ్వులో దాగిన డి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి రక్తంలోకి వస్తూనే ఉంటుంది. ఆవిడ కోలుకున్నారు, కానీ కాల్షియం నిలకడగా దిగడానికి చాలా వారాలు పట్టింది.

పొట్లం కంటే భయపెట్టేది ఇంకోటుంది. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్. రోజుకు 600 లెక్కన వెయ్యి రోజుల అవసరం ఒక్క సూదిలో. మింగలేనివాళ్లకు, పేగులు పీల్చుకోనివాళ్లకు డాక్టరు ఆలోచించి ఇచ్చే మందది. "నడుం నొప్పికి డి సూది" అని నెలకోసారి వేయించుకోదగ్గది కాదు.

ఇంత ఎండ కాసే చోట డి లోపం ఏమిటని అడుగుతారు. పొలంలో పనిచేసేవాళ్లకు ఎండ తగులుతుంది. షాపులో, ఆఫీసులో, ఇంట్లో ఉండేవాళ్లకు తగలదు, ఒళ్లంతా కప్పుకుని బండి మీద పోయేవాళ్లకు అసలే తగలదు. లోపం నిజంగానే ఎక్కువమందిలో ఉంది. ఎండలో ఒక వెసులుబాటు ఏమిటంటే, ఎంతసేపున్నా దాంతో డి మితిమీరదు. చర్మం తనకు చాలనుకున్నాక మిగతాదాన్ని తనే విరిచేస్తుంది. మాత్రకు అలాంటి అడ్డుకట్ట లేదు.

ఆకుకూరలో ఎ వేరు, గుళికలో ఎ వేరు

తోటకూర, మునగాకు, బొప్పాయి, మామిడిపండు, గుమ్మడిలో ఉండేది కెరోటిన్. ఒంటికి కావలసినంతే అది ఎ విటమిన్‌గా మారుతుంది. అతిగా తింటే అరచేతులు పసుపుపచ్చగా అవుతాయి తప్ప విషం కాదు. గుళికల్లో, చేప కాలేయపు నూనెలో ఉండేది నేరుగా తయారైన ఎ. ఇదే పోగుపడేది. ఎక్కువైతే తలనొప్పి, వాంతులు, జుట్టు రాలడం, కాలేయం దెబ్బతినడం. గర్భిణులు రోజుకు 10,000 యూనిట్లు దాటి తీసుకుంటే బిడ్డకు పుట్టుకతో లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: చేప నూనె గుళిక, చేప కాలేయపు నూనె గుళిక ఒకటి కాదు. మొదటిదాంట్లో ఒమేగా కొవ్వులు. రెండోదాంట్లో ఎ, డి కూడా. సీసా మీద చూసి కొనాలి.

పిల్లలకు 9వ నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత 5 ఏళ్ల దాకా ఆరు నెలలకోసారి 2 లక్షలు ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం 1970లో మొదలైంది. ఎ లోపంతో కళ్లు పోకుండా కాపాడేందుకు పెట్టిన కార్యక్రమం. ఆరు నెలలకు సరిపడా కాలేయంలో దాచుకునేలా లెక్కగట్టిన మోతాదు కాబట్టి ఆ ఎడం పాటించాలి. అంగన్‌వాడీలో ఒకసారి, ప్రైవేటు క్లినిక్‌లో ఇంకోసారి వెంటవెంటనే వేయించకూడదు. టీకాల కార్డు మీద తేదీ రాయించుకోండి.

చుట్ట మానకుండా గుళిక వేసుకునేవాళ్లకు

లంక పొగాకు పండే చోటు మనది. చుట్ట కాల్చే తాతలకు, సిగరెట్టు కాల్చే కొడుకులకు కొదవ లేదు. "పొగ మానలేను, అందుకే యాంటీ ఆక్సిడెంట్లు వేసుకుంటున్నా" అనేవాళ్లు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద ఒక పెద్ద పరీక్ష చేశారు. కెరోటిన్ ఎక్కువ ఉన్న కూరగాయలు తినేవాళ్లలో క్యాన్సర్లు తక్కువని తెలుసు కాబట్టి యాంటీ ఆక్సిడెంటే అయిన బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని వాళ్ల ఆశ. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో ఇలాంటిదే మరో పరీక్షను, అందులో ఎ విటమిన్ కూడా కలిపి ఇచ్చారు, మాత్ర వేసుకున్నవాళ్లకు 28 శాతం ఎక్కువ క్యాన్సర్లు కనిపించడంతో గడువుకు ముందే ఆపేశారు. పొగ తాగేవాళ్లకు కూరలో కెరోటిన్ మేలే. మాత్రలో అది కీడు. మల్టీ విటమిన్ కొనేముందు బీటా కెరోటిన్ ఉందేమో చూడాలి.

పిక్కలు పట్టేస్తున్నాయని ఇ విటమిన్ 400 యూనిట్ల గుళికలు నెలల తరబడి వేసుకునేవాళ్లకు కూడా ఒక మాట. 35 వేలమందికి పైగా మగవాళ్లతో అమెరికాలో చేసిన పరీక్షలో ఇదే మోతాదు వాడినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా తేలింది, 2011లో. రక్తం పల్చబడే మందు వేసుకునేవాళ్లకైతే ఇ వల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లకు కె విటమిన్ ఉన్న మల్టీ విటమిన్ దానికి ఎదురు పనిచేస్తుంది.

భీమవరం బిడ్డ చేసిన ఫోలిక్ యాసిడ్

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్నారు, తనూ ఆ జబ్బుతో బాధపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందు. గర్భం మొదట్లో తీసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలను అడ్డుకునే మందు కూడా ఇదే.

దీని తర్వాతి అధ్యాయం మన విషయానికి ఇంకా దగ్గరది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. వేగంగా పెరిగే కణానికి ఆ విటమిన్ మేత అయింది. అయితే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అలాంటి విరోధి మందుతోనే 1947-48లో ఆ పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. ఇవాళ్టి మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఒకే విటమిన్ ఒకరికి ప్రాణం, ఇంకొకరికి ముప్పు అని ఆ ప్రయోగశాల అప్పుడే చూసింది.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజుల్లో. రెండూ చాలావరకు చిన్న పసుపు బిళ్లలే. తారుమారై మెథోట్రెక్సేట్ రోజూ పడితే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఇవి ఉంటే రెండు వేర్వేరు డబ్బాల్లో పెట్టి, మెథోట్రెక్సేట్ డబ్బా మీద వేసుకోవాల్సిన రోజు పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయండి.

ఫోలిక్ యాసిడ్‌కు ఇంకో చిక్కుంది. బి12 లోపం ఉన్నవాళ్లు అది తెలియక ఫోలిక్ మాత్రమే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారులకు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడే షుగరువాళ్లకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ. వాళ్లు ముందు బి12 పరీక్ష చేయించుకోవాలి.

ఇక తిమ్మిర్ల సంగతి. షుగరుతో కాళ్లు తిమ్మిరెక్కితే నరాల మాత్రలని ఇస్తారు. వాటిలో బి6 ఉంటుంది. కొన్ని మాత్రల్లో 3 మిల్లీగ్రాములు, కొన్నింట్లో 100. రోజుకు కావలసింది 2 చుట్టుపక్కల. నీళ్లలో కరిగే విటమినే అయినా బి6 దీర్ఘకాలం ఎక్కువైతే నరాల్నే దెబ్బతీస్తుంది, తిమ్మిర్లే తెస్తుంది. 1983లో రోజుకు 2 నుంచి 6 గ్రాములు వేసుకున్న ఏడుగురు రోగుల గురించి మొదటిసారి గట్టిగా వెలుగులోకి వచ్చింది. యూరప్ 2023లో గరిష్ఠ పరిమితిని 12 మిల్లీగ్రాములకు దించింది. తిమ్మిరికని మందు, మందు వల్ల తిమ్మిరి, దానికి ఇంకో మందు. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవాళ్లకు మాత్రం బి6 అవసరం, వాళ్లు ఆపకూడదు.

ఎర్ర మాత్రలు మానకండి, దాచండి

ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు గర్భిణులు మానేయడానికి ఈ వ్యాసం సాకు కాకూడదు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్. రోజుకొకటి చొప్పున 180 రోజులు. గర్భంలో అది కావలసిన మోతాదే. మలం నల్లగా వస్తుంది, కడుపులో తిప్పుతుంది, అయినా మానకూడదు. కాల్షియం మాత్రతో, టీ కాఫీలతో కలపకుండా కొన్ని గంటల ఎడం ఇస్తే బాగా పడుతుంది. తలసీమియాతో తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ఇనుము ఇప్పటికే పేరుకుంటూ ఉంటుంది కాబట్టి వాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

అసలు ప్రమాదం ఆ ఇంట్లో పాకే బిడ్డకు. ఎర్రగా మెరిసే మాత్ర చాక్లెట్టులా ఉంటుంది. 10 కిలోల బిడ్డ పది మాత్రలు మింగితే 600 మిల్లీగ్రాములు, కిలోకు 60. అది ప్రాణాపాయపు హద్దు. కిలోకు 20 దాటితేనే లక్షణాలు మొదలవుతాయి. ముందు వాంతులు, విరేచనాలు. తర్వాత కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్టే ఉంటాడు. ఆ తేరుకోవడాన్ని నమ్మి ఇంటి దగ్గర ఉంచేస్తే ఆపై షాకు, కాలేయం దెబ్బతినడం. మింగాడని అనుమానం వస్తే చాలు, ఖాళీ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని 108లో పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మిగతావి

సి విటమిన్‌తో జలుబు రాదన్న నమ్మకానికి 1970లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ పెద్ద ఊతమిచ్చారు. మామూలు జనానికి అది జలుబును ఆపదని తర్వాతి పరీక్షల్లో తేలింది. రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు. స్వీడన్‌లో 2013లో ప్రచురించిన అధ్యయనంలో సి మాత్రలు వాడే మగవాళ్లలో కిడ్నీ రాళ్లు దాదాపు రెట్టింపు. రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లు చప్పరించే బిళ్లల బదులు జామకాయ తినడం మేలు. కరోనా రోజుల్లో అలవాటైన జింకు మాత్రను ఇంకా కొనసాగిస్తుంటే ఆపేయొచ్చు, నెలల తరబడి ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గిపోతుంది.

జుట్టుకని వేసుకునే బయోటిన్ ఒంటికి పెద్దగా హాని చేయదు, కానీ రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలే చోట 5,000 నుంచి 10,000 దాకా ఉంటాయి ఆ గుళికలు. దాంతో థైరాయిడ్ లేకపోయినా ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా తక్కువ చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. రక్తం ఇచ్చేముందు బయోటిన్ వాడుతున్నామని ల్యాబులో చెప్పాలి.

ఆర్‌ఎంపీ దగ్గర పసుపురంగు విటమిన్ కలిపిన గ్లూకోజు సీసా ఎక్కించుకుంటే బలం వస్తుందనే నమ్మకం సంగతి. అర లీటరు 5 శాతం గ్లూకోజులో ఉన్నది 25 గ్రాముల చక్కెర, 100 కేలరీలు. రెండు చిన్న ఇడ్లీల్లో ఉన్నంత. షుగరున్నవాళ్లకు అది నష్టం. కొద్దిమందికి సూది విటమిన్ పడక ప్రాణాంతకమైన రియాక్షన్ వస్తుంది, దాన్ని ఎదుర్కొనే ఏర్పాటు ఆ గదిలో ఉండదు.

ఒక డబ్బా లెక్క

డెల్టాలో పిల్లలు అమెరికాలో లేని వీధి అరుదు. వాళ్లు వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో విటమిన్ సీసాలు వస్తాయి. ప్రేమతో తెచ్చినవి కాబట్టి పారేయబుద్ధి కాదు, వాడేస్తారు. ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్న మాత్రల్ని కూడి చూద్దాం. కాల్షియం మాత్ర రెండు పూటలా, ఒక్కోదాంట్లో డి 500, మొత్తం 1,000. మల్టీ విటమిన్‌లో 1,000. అమెరికా గుళిక మీద 125 మైక్రోగ్రాములని ఉంటుంది. 125 అంటే తక్కువే అనిపిస్తుంది. ఒక మైక్రోగ్రాముకు 40 యూనిట్లు, కాబట్టి అది 5,000. వారం పొట్లాన్ని రోజులకు పంచితే 8,500 పైన. అన్నీ కలిపి రోజుకు 15 వేలు దాటింది. ఏ ఒక్క మాత్రా తప్పుగా వేసుకున్నది కాదు, కూడిక ఎవరూ చేయలేదు.

ఈ మాత్రల్లో కొన్ని మందులుగా, కొన్ని ఆహార సప్లిమెంట్లుగా అమ్ముడవుతాయి. సప్లిమెంటు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరూ, ఔషధ వినియోగానికి కాదన్న మాటా ఉంటాయి. అర ఒకటే, పెట్టెలూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొనేవాళ్లకు తేడా తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బీపీ, షుగరు మాత్రలతో పాటు బలం మాత్రలు, పొడులు, టానిక్కులు, అమెరికా సీసాలు, నాటుమందులు అన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. "ఇది ఏ లోపానికి, రోజుకా వారానికా, ఎప్పుడు ఆపాలి" అని ఒక్కోదాని గురించీ అడిగి, స్ట్రిప్పు మీదే రాయించుకోండి. డి విటమిన్ వాడుతూ వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మగత కనిపిస్తే డాక్టరును కలిసేదాకా డి, కాల్షియం రెండూ ఆపి ఉంచండి. డి పరీక్ష ఒక్కటే రాస్తే, దాంతోపాటు రక్తంలో కాల్షియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడమని అడగండి.